నూరు మైళ్ల గుర్రపు దారి

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. ఒకే బెంచీలో కూర్చున్నవాళ్లం కాబట్టి చనువుగానే చెప్పాడు. "నీ ఇంజనీరింగ్ గొడవ వద్దురా, మనవాళ్లు చదవరు. నువ్వక్కడ ఏటేటా గుర్రాల పందేనికి వెళ్తావంట కదా, అది రాయి" అన్నాడు. అందుకే ఈ వ్యాసం.

మొదటే ఒక సంగతి. నాకు గుర్రపు స్వారీ రాదు. ఉద్యోగరీత్యా ఉత్తర కాలిఫోర్నియాలో స్థిరపడ్డాను. హామ్ రేడియో లైసెన్సు ఉంది. ఏటా వేసవిలో ఒక శనివారం మా ప్రాంతంలో జరిగే నూరు మైళ్ల గుర్రపు స్వారీకి వైర్‌లెస్ సెట్, బ్యాటరీ, మడత కుర్చీ తీసుకుని స్వచ్ఛందంగా వెళ్తాను. తెల్లవార్లూ కొండల్లో కూర్చుని, ఏ గుర్రం ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడం నా పని. చరిత్ర అంటే రాజులూ యుద్ధాలే కాదు, దారులకూ చరిత్ర ఉంటుందని మన సోషల్ మాస్టారు చెప్పేవారు. ఇది అలాంటి ఒక దారి కథ.

దారి

కాలిఫోర్నియాకు తూర్పు అంచున సియెర్రా నెవాడా పర్వతాలున్నాయి. వాటి నెత్తిన తాహో అనే పెద్ద సరస్సు, పడమటి వాలు దిగితే ఆబర్న్ అనే చిన్న ఊరు. ఈ రెంటినీ కలిపే కొండదారిలో మొదట నడిచినవారు పయూట్, వాషో తెగల ఆదివాసులు. 1848 మేలో ఆబర్న్ దగ్గర వాగులో క్లాడ్ షానా అనే ఫ్రెంచివాడికి బంగారం కనిపించింది. మరుసటి ఏడాది నుంచి బంగారం కోసం జనం విరగబడ్డారు. 1859లో కొండలకు అవతల నెవాడాలో కామ్‌స్టాక్ వెండి గనులు బయటపడ్డాయి. దాంతో ఇటు బంగారు గనులకూ అటు వెండి గనులకూ మధ్య మనుషులు, కంచరగాడిదలు ఈ దారిన రాకపోకలు సాగించారు. 1869లో అమెరికాను తూర్పు పడమరలుగా కలుపుతూ రైలు మార్గం పూర్తయ్యాక కొండదారుల మీద మూటలు మోసే అవసరం తగ్గిపోయింది. దారులు పొదల్లో కలిసిపోసాగాయి.

ఈ దారిని మళ్లీ లోకానికి గుర్తు చేసినవాడు వెండెల్ రోబీ. ఆబర్న్‌లో కలప వ్యాపారి, బ్యాంకరు, గుర్రాలంటే ప్రాణం పెట్టే మనిషి. వెనకటి గుర్రాల్లాగా ఈ కాలపు గుర్రం ఒక్కరోజులో నూరు మైళ్లు వెళ్లగలదా అన్న చర్చ వచ్చింది. మాటలెందుకనుకున్నాడు. 1955 ఆగస్టులో బాండోస్ అనే తన అరబ్బీ గుర్రమెక్కి, కొందరు సహచరులతో తాహో నుంచి బయల్దేరి 24 గంటల లోపే ఆబర్న్ చేరాడు. అప్పటికి ఆయన వయసు 60. నూరు మైళ్లంటే 160 కిలోమీటర్లు. విజయవాడలో బయల్దేరి రాజమండ్రి చేరినంత దూరం. మనకు ఆ దారి బల్లపరుపుగా ఉంటుంది. ఆయన వెళ్లినది ఎనిమిది వేల అడుగులకు పైగా ఎత్తున్న కనుమ ఎక్కి, రెండు మూడు పెద్ద లోయల్లోకి దిగి, మళ్లీ ఎక్కి, రాత్రిపూట నది దాటే దారి.

ఆ స్వారీ ఏటేటా జరిగే పండుగైంది. దాని అసలు పేరు వెస్టర్న్ స్టేట్స్ ట్రైల్ రైడ్. అందరూ పిలిచే పేరు టెవిస్ కప్. వెల్స్ ఫార్గో సంస్థకు 1872 నుంచి 1892 దాకా అధ్యక్షుడిగా ఉన్న లాయిడ్ టెవిస్ పేరు మీద ఆయన మనవడు 1959లో ఈ కప్పు ఇచ్చాడు. ముందు చేరినవారికి అది దక్కుతుంది. 1961లో డ్రుసిల్లా బార్నర్ ఈ కప్పు గెలిచిన మొదటి మహిళ అయింది. ఆడా మగా ఇక్కడ ఒకే వరస, వేరు విభాగాలు లేవు.

పందెంలో మార్పు

ఒక మనిషి పంతంతో మొదలైన స్వారీ క్రమంగా గుర్రం క్షేమాన్ని కొలిచే పరీక్షగా మారింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే.

నూరు మైళ్లు ఒక్కరోజులో అంటే మూగజీవాన్ని హింసించడమేనని జంతు సంక్షేమం కోరేవారు తొలి రోజుల్లోనే అభ్యంతరం చెప్పారు. వాళ్ల భయం ఉత్త భయం కాదు. ఇన్నేళ్లలో ఈ దారిలో కాలు జారి లోయలో పడి, అలసట ముదిరి చనిపోయిన గుర్రాలూ ఉన్నాయి. దానికి నిర్వాహకులు ఇచ్చిన జవాబు పశువైద్యుల చేతికి అధికారం ఇవ్వడం. దారి పొడవునా పరీక్షా కేంద్రాలు పెట్టారు. ఏ కేంద్రంలోనైనా వైద్యుడు వద్దంటే గుర్రం అక్కడే ఆగిపోవాలి. రౌతు ఎంత పెద్దవాడైనా, అప్పటికి మొదటి స్థానంలో ఉన్నా సరే.

1964లో రెండో కప్పు వచ్చింది. లాయిడ్ టెవిస్ వ్యాపార భాగస్వామి, తోడల్లుడు అయిన జేమ్స్ బెన్ అలీ హాగిన్ పేరు మీద ఇచ్చే హాగిన్ కప్ అది. మొదటి పదిమందిలో ఎవరి గుర్రం అన్నిటికంటే మంచి స్థితిలో గమ్యం చేరిందో దానికి ఇస్తారు. ముందు వచ్చిందా పదోదిగా వచ్చిందా అన్నది కాదు, వచ్చాక ఎలా ఉందన్నది లెక్క. పాతకాపులైన రౌతుల్లో మొదటి కప్పు కన్నా దీన్నే గొప్పగా చెప్పుకునేవారు చాలామంది. 1972లో అమెరికన్ ఎండ్యూరెన్స్ రైడ్ కాన్ఫరెన్స్ అనే జాతీయ సంఘం ఏర్పడింది. పూర్తి చేయడమే గెలవడం అన్నది వాళ్ల నినాదం. నగదు బహుమతి లేదు. 24 గంటల్లో చేరి, ఆఖరి పరీక్షలో గుర్రం ఇంకా ముందుకు వెళ్లగల స్థితిలో ఉందని వైద్యులు తేలిస్తే నడుముకు పెట్టుకునే వెండి బకిల్ ఒకటి ఇస్తారు. దానికోసం దేశదేశాల నుంచి వస్తారు. బయల్దేరిన గుర్రాల్లో దాదాపు సగమే పూర్తి చేస్తాయి.

1974లో జరిగిన విచిత్రం కూడా చెప్పాలి. గోర్డీ ఐన్స్‌లీ అనే యువకుడి గుర్రం అంతకుముందు ఏడాది కుంటుపడి మధ్యలో ఆగిపోయింది. ఈసారి అతను గుర్రం లేకుండా, గుర్రాలతో పాటే కాలినడకన పరుగెత్తి 23 గంటల 42 నిమిషాల్లో ఆబర్న్ చేరాడు. ఇవాళ ప్రపంచమంతటా జరుగుతున్న నూరు మైళ్ల పరుగు పందేలకు ఈ గుర్రపు దారే పుట్టిల్లు.

వైద్యుల లెక్క

స్వారీ ఉదయం 5:15కి మొదలవుతుంది, మర్నాడు ఉదయం 5:15కి గడువు ముగుస్తుంది. రాత్రి వెలుగు కోసం సాధారణంగా పున్నమికి దగ్గరగా ఉన్న శనివారం చూసుకుంటారు. 36వ మైలు దగ్గర రాబిన్సన్ ఫ్లాట్‌లోనూ, 68వ మైలు దగ్గర ఫారెస్ట్‌హిల్‌లోనూ గంటసేపు తప్పనిసరి విశ్రాంతి. ఇవి కాక చిన్న కేంద్రాలు చాలా ఉన్నాయి.

పరీక్ష ఎలా చేస్తారో దగ్గర నిలబడి చూశాను. నిలకడగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 40 సార్లు, అంతకంటే తక్కువే కొట్టుకుంటుంది. ఎత్తెక్కుతున్నప్పుడు అది 150 కూడా దాటవచ్చు. కేంద్రానికి వచ్చాక అది 60, 64 దగ్గరికి దిగితేగానీ పరీక్షకు రానివ్వరు. అందుకే రౌతులు ఆఖరి అరమైలు దిగి నడిచి వస్తారు, రాగానే జీను విప్పి మెడ మీద, కాళ్ల మీద బక్కెట్లతో నీళ్లు పోస్తారు. వైద్యుడు చిగురు మీద వేలితో నొక్కి వదులుతాడు. తెల్లబడ్డ చోట రంగు ఎంత త్వరగా తిరిగొస్తుందో చూస్తాడు. మెడ దగ్గర చర్మం పట్టి లాగి, అది ఎంతసేపటికి సర్దుకుంటుందో చూస్తే ఒంట్లో నీరెంత తగ్గిందో తెలుస్తుంది. పొట్టకు స్టెతస్కోపు పెట్టి పేగుల చప్పుడు వింటాడు. చప్పుడు లేకపోతే ప్రమాదం. తర్వాత గుర్రాన్ని పగ్గం పట్టి 125 అడుగులు చిన్నగా పరుగెత్తించి వెనక్కి తెస్తారు. అది మొదలుపెట్టిన నిమిషానికి మళ్లీ నాడి చూస్తారు. మొదటి అంకె కన్నా రెండోది పెరిగి ఉంటే గుర్రం బయటికి కనిపిస్తున్నదాని కంటే ఎక్కువ అలసిపోయిందని అర్థం. ఆ పరుగులోనే కుంటు కూడా బయటపడుతుంది.

ఇంజనీరుగా నాకు ఇది ఎంతో నచ్చింది. యంత్రాన్ని విరిగేదాకా నడిపి చూడకుండా, భారం వేసి తీసేశాక ఎంత త్వరగా మామూలు స్థితికి వస్తుందో కొలుస్తున్నారు. రౌతు కొద్దీ గుర్రం అంటాం మనం. ఇక్కడ గుర్రం నాడి చూసి రౌతు ఎలాంటివాడో చెప్పేస్తారు.

మా లెక్క

వైద్యుల లెక్క ఒకటైతే, మా హామ్‌ల లెక్క రెండోది. ఏ అంకె గల గుర్రం ఎన్ని గంటలకు ఏ కేంద్రానికి వచ్చింది, ఎప్పుడు వెళ్లింది, ఏది ఆగిపోయింది, ఎందుకు ఆగింది: కుంటా, ఒంట్లో నీరు తగ్గిందా, గడువు దాటిందా, రౌతే మానుకున్నాడా? ఇంతే. కానీ ఈ నాలుగు ముక్కలూ అన్ని కేంద్రాల నుంచీ తెల్లవార్లూ తప్పు లేకుండా ఒకచోటికి చేరాలి.

సెల్‌ఫోన్లున్న కాలంలో ఇదెందుకని అడుగుతారు. ఆ దారిలో కొంత భాగం గ్రానైట్ చీఫ్ అభయారణ్యంలో పోతుంది. అక్కడ మోటారు వాహనాలు నిషిద్ధం. అమెరికన్ నది లోయల్లో చాలాచోట్ల ఫోన్ అందదు. మేము ఎక్కువగా వాడే 144 నుంచి 148 మెగాహెర్ట్‌జ్ తరంగాలు కూడా కాంతిలాగే దాదాపు సూటిగా పోతాయి, కొండ అడ్డొస్తే ఆగిపోతాయి. అందుకని శిఖరాల మీద రిపీటర్లుంటాయి. లోయలోంచి మనం ఒక ఫ్రీక్వెన్సీలో పంపిన మాటను అది విని, ఆ క్షణమే 600 కిలోహెర్ట్‌జ్ తేడాతో మరో ఫ్రీక్వెన్సీలో గట్టిగా తిరిగి పంపుతుంది. కొండ అంచున నిలబడి ఇటు మాట అటు కేకేసే మనిషి అనుకోండి. రిపీటర్ కూడా అందని చోట మధ్యలో ఒక హామ్ కారు ఆపుకుని కూర్చుని, విన్నది మళ్లీ చెప్తాడు.

ఒకప్పుడు అంకెలన్నీ నోటితోనే చదివేవారు. 1980లలో హామ్‌ల మధ్య ప్యాకెట్ రేడియో వ్యాపించాక, కంప్యూటర్లో కొట్టిన పట్టికను రేడియో ద్వారా పంపడం వీలైంది. అయినా నోటిమాట పోలేదు. అంకెను ఎప్పుడూ విడివిడిగానే చెప్పాలి. నూట ముప్పై అంటే నూట మూడని వినిపించవచ్చు. "ఒకటి, మూడు, సున్నా" అంటే పొరపాటుకు తావుండదు. అవతలివారు అదే తిరిగి చదవాలి, మనం ఔననాలి. గుర్రం పిరుదు మీద మైనపు సుద్దతో రాసిన అంకె చెమటకీ దుమ్ముకీ అలుక్కుపోతుంది కాబట్టి టార్చి వేసి చూసి, రౌతునూ అడిగి రాసుకుంటాం.

ఈ పనికి జీతం లేదు. ఉండకూడదు కూడా. హామ్ ఆపరేటర్ తన సేవకు డబ్బు తీసుకోవడం అక్కడి చట్టం ప్రకారం తప్పు. మాతో రిటైరైన టెలిఫోన్ లైన్‌మన్ ఉన్నాడు, స్కూలు టీచరు ఉంది, లారీ డ్రైవరు ఉన్నాడు. తినడానికి శాండ్‌విచ్చులు ఇస్తారు. నేను మాత్రం పులిహోర డబ్బా తీసుకెళ్తాను. దానికి ఆ కేంద్రంలో ఇప్పుడు నాకంటే ఎక్కువ పేరుంది.

రాని అంకె

కొన్నేళ్ల కిందటి సంగతి. నన్ను 85వ మైలు దగ్గర ఫ్రాన్సిస్కోస్ అనే కేంద్రంలో వేశారు. నది ఒడ్డున చిన్న మైదానం. అక్కడికి వచ్చే దారి ఫారెస్ట్‌హిల్ నుంచి లోయలోకి మెలికలు తిరుగుతూ దిగుతుంది. ఒక పక్క కొండ, ఒక పక్క చీకటి. రౌతులు చాలామంది టార్చి కూడా వెయ్యరు. గుర్రానికి రాత్రి చూపు బాగుంటుంది, మన వెలుగు దాన్ని తికమక పెడుతుంది.

రాత్రి ఒంటిగంట దాటింది. ఫారెస్ట్‌హిల్‌లో 9:40కి బయల్దేరినట్టు నమోదైన ఒక అంకె రాలేదు. తర్వాత బయల్దేరినవాళ్లు అప్పటికే వచ్చి పరీక్ష చేయించుకుంటున్నారు. కంట్రోల్ కేంద్రం అడిగింది, నేను కాగితం మళ్లీ మొదట్నుంచి చూసి రాలేదని చెప్పాను. ఫారెస్ట్‌హిల్ వాళ్లు బయల్దేరిన సమయం సరైనదేనన్నారు. అంటే మనిషీ గుర్రమూ ఆ 17 మైళ్లలో ఎక్కడో ఉన్నారు. వచ్చిన ప్రతి రౌతునూ అడిగాం. ఇద్దరు ఎవరినీ చూడలేదన్నారు. మూడో ఆయన, రెండు మూడు మైళ్ల వెనక ఎవరో దిగి నడుస్తున్నట్టు అనిపించిందని, పలకరిస్తే బాగానే ఉన్నామని జవాబొచ్చిందని చెప్పాడు. ఆ మాట కంట్రోల్‌కి చెప్పాను. అందరి వెనక వచ్చే కాపలా రౌతులకు వాళ్ల దగ్గరున్న సెట్ల ద్వారా కబురు వెళ్లింది. వెతకడానికి మనుషులు సిద్ధమయ్యారు. ఆ నలభై నిమిషాలూ మా కేంద్రంలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నది చప్పుడు మాత్రం వినిపించింది.

రెండుంబావుకి ఆవిడ వచ్చింది. అరవై దాటిన మనిషి. గుర్రం ముందు కాలు కొద్దిగా పట్టేసినట్టు తోచగానే దిగి, పగ్గం పట్టుకుని ఆ ఇరుకు దారిలో నడిపించుకుంటూ తెచ్చింది. వైద్యుడు పరీక్షించి, చాలన్నాడు. ఇంకా 15 మైళ్లే ఉంది, గడువుకు మూడు గంటలు ఉంది. ఆవిడ వాదించలేదు. గుర్రానికి నీళ్లు పట్టించి, దుప్పటి కప్పి, నా దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగింది: ఆబర్న్‌లో తన భర్త ఎదురు చూస్తున్నాడు, ఆయనకు కబురు అందుతుందా అని. అప్పటికే పంపానని చెప్పాను. అంకె, సమయం, కుంటు, రౌతు క్షేమం, గుర్రం క్షేమం, ట్రైలర్ కావాలి. ఆయనకు చెప్పేశామని పది నిమిషాల్లో అవతల నుంచి జవాబు వచ్చింది. అప్పుడు కూర్చుంది, మా పులిహోర తింది.

ఆ ఏడు ఎవరు గెలిచారో నాకిప్పుడు గుర్తులేదు. ఆ అంకె గుర్తుంది.

తొమ్మిదో తరగతిలో మనం నాగార్జునకొండ ఎక్స్‌కర్షన్‌కు వెళ్లినప్పుడు, తిరుగు లాంచీ ఎక్కే ముందు డ్రిల్లు మాస్టారు వరసలో నిలబెట్టి మూడుసార్లు లెక్కపెట్టించారు. ఎండలో విసుక్కున్నాం. "వచ్చినవాళ్లు కనిపిస్తూనే ఉన్నార్రా, రానివాడెవడో తెలియడానికే ఈ లెక్క" అన్నారాయన. కొండల్లో మేము చేసేది ఆ పనే.

మన వైపు

ఇది అమెరికా వాళ్ల సరదా, మనకెందుకు అనిపించవచ్చు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను చిన్నవాణ్ణి. కానీ మన కృష్ణా జిల్లాలో ఆ కథ వినకుండా పెరిగినవారు లేరు. టెలిఫోన్, తంతి తీగలు తెగిపోయి, వేలమంది పోయిన సంగతి బయటికి తెలియడానికే సమయం పట్టింది. ఏ ఊళ్లో ఎవరున్నారో, ఎవరు లేరో చెప్పే దారి లేదు. 2004 డిసెంబర్ సునామీ నాటికి ఆ దారి కొంతైనా ఉంది. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం ప్రపంచ హామ్‌లతో మాట్లాడటం కోసం అప్పటికే పోర్ట్‌బ్లెయిర్‌లో సెట్లు పెట్టుకుని ఉంది. 26వ తేదీ ఉదయం సముద్రం విరుచుకుపడ్డాక ఆ సెట్లే అండమాన్ నుంచి క్షేమ సమాచారాలు మోశాయి. సరదాగా నేర్చుకున్న పనే ఆపదలో అక్కరకొచ్చింది. గుర్రాల స్వారీ మాకు ఏటేటా అలాంటి అభ్యాసం. నిజంగా కార్చిచ్చు వచ్చినప్పుడు మా ప్రాంతంలో సెట్లు పట్టుకుని కూర్చునేవారిలో ఈ ముఖాలే చాలా కనిపిస్తాయి.

మన దేశంలో పన్నెండేళ్లు నిండినవారెవరైనా హామ్ లైసెన్సు పరీక్ష రాయవచ్చు. రేడియో సూత్రాలు, నిబంధనలు చదివితే చాలు, మన బడి ఫిజిక్సు పాఠాలు సగం అవే. స్వర్ణోత్సవ కానుకగా గేటు, వేదిక, నీళ్ల ట్యాంకు ఇస్తున్న మిత్రులకు నమస్కారం. నా వంతుగా, తొమ్మిది, పది తరగతుల పిల్లల్లో ఆసక్తి ఉన్నవారికి ప్రతి ఆదివారం ఉదయం గంటసేపు ఆన్‌లైన్‌లో ఈ పాఠం చెప్తాను. పరీక్ష ఫీజు కూడా నాదే. పదిమంది పేర్లు ఇస్తే ఈ సంక్రాంతి తర్వాత మొదలుపెడదాం. మొదటి పాఠం, అంకెలను విడివిడిగా పలకడం.